కత్తి పోయింది... వెలుగు దొరికింది

నాలుగేళ్లు కష్టపడి ఓ పని నేర్చుకున్నారు. పట్టా చేతికొచ్చేసరికి ఆ పనికే గిరాకీ లేదన్నారు. అప్పుడేం చేస్తారు? హాస్టల్ గదుల్లో, ప్లేస్‌మెంట్ గ్రూపుల్లో ఇప్పుడు నడుస్తున్న చర్చంతా ఇదే కదా. ఏఐ వచ్చాక కోడింగ్ ఉంటుందా? నేర్చుకున్నది రేపటికి పనికొస్తుందా?

నా సంగతే చెప్తాను. ఇంజినీరింగ్ అయ్యాక నేను మొదట చేరింది మాన్యువల్ టెస్టింగ్‌లో. రెండేళ్లు తిరక్కముందే మేం చేసే పనిలో చాలా భాగం ఆటోమేషన్ స్క్రిప్టులే చేసేయడం మొదలైంది. మమ్మల్ని బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఆ ఖాళీ రోజుల్లో ఓ రాత్రి ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే ఒక బొమ్మ కంటపడింది. చీకట్లో సముద్రం పక్కనుంచి వెళ్తున్న రైలు. పెట్టెల కిటికీల్లో పసుపు వెలుగు. కింద నీళ్లలో దాని ప్రతిబింబం. పైన మబ్బు చాటున చంద్రుడు. పాత ఫొటోకి ఎవరో రంగులు వేశారేమో అనుకున్నా. కాదు. 1879లో చెక్క దిమ్మెల మీద చెక్కి, కాగితం మీద అచ్చేసిన బొమ్మ అది.

గీసిన మనిషి పేరు కొబయాషి కియోచికా. బొమ్మలు గీయకముందు అతనేం చేసేవాడో తెలిశాక ఇంక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అతనో సమురాయ్. ఉద్యోగం పోవడం కాదు, ఉద్యోగమిచ్చిన ప్రభుత్వమే పోయింది అతనికి. ఆ కథ మీకూ చెప్పాలనిపించింది.

బియ్యం గోదాముల పక్కన

సమురాయ్ అనగానే మనకి సినిమాల్లో కత్తి దూసే వీరుడు గుర్తొస్తాడు. నిజానికి అప్పటి జపాన్‌లో చాలామంది సమురాయ్‌లు మామూలు సర్కారు ఉద్యోగులు. 1603 నుంచి దేశాన్ని తొకుగావా వంశానికి చెందిన షోగున్‌లు ఏలుతున్నారు. యుద్ధాలు తగ్గి రెండు వందల ఏళ్లు దాటింది. సమురాయ్‌ల నడుముకి కత్తి ఉన్నా, చేతిలో ఉండేది ఎక్కువగా లెక్కల పుస్తకమే.

కియోచికా తండ్రి అలాంటివాడే. పన్నుల కింద వచ్చే బియ్యాన్ని పడవల నుంచి దింపించే చోట చిన్న అధికారి. 1847లో ఎదో నగరంలో, సుమిదా నది ఒడ్డునున్న హోంజో ప్రాంతంలో కియోచికా పుట్టాడు. ఎదో అంటే ఇప్పటి టోక్యోనే. తొమ్మిది మంది సంతానంలో అతనే ఆఖరివాడు. 1855లో పెద్ద భూకంపం వచ్చి వాళ్ల ఇల్లు కూలింది. మనుషులు మాత్రం బయటపడ్డారు. 1862లో తండ్రి చనిపోయాడు. అందరికన్నా చిన్నవాడైనా ఇంటి బాధ్యత అతని మీదే పడింది. అప్పటికి వయసు పదిహేను. మనం టెన్త్ పరీక్షలు రాసే వయసు.

తండ్రి దారిలోనే షోగున్ కొలువులో కుదిరాడు. 1865లో షోగున్ పరివారంతో కలిసి క్యోటో వెళ్లాడు. ఎదో నుంచి ఒక షోగున్ క్యోటోకి కదలడమే పెద్ద సంగతి. కుర్రాడికి అది గొప్ప ప్రయాణమే అయ్యుంటుంది. కానీ అప్పటికే కింద నేల కదులుతోంది. 1853లో అమెరికా యుద్ధనౌకలు ఎదో అఖాతంలోకి వచ్చి తలుపులు తెరవమన్నప్పటి నుంచి షోగున్ పాలనకి బీటలు పడ్డాయి. చక్రవర్తి పేరుతో కొత్త శక్తులు లేచాయి. 1868 జనవరిలో క్యోటో దగ్గర తొబా-ఫుషిమిలో యుద్ధం జరిగింది. ఇరవై ఏళ్ల కియోచికా అందులో షోగున్ పక్షాన ఉన్నాడు. ఆ పక్షం ఓడిపోయింది.

కొలువు పోయింది, కత్తి మిగిలింది

ఆ ఏడాదే షోగున్ పాలన ముగిసింది. ఎదో పేరు టోక్యోగా మారింది. తొకుగావా వంశాన్ని షిజువోకాకి పంపేశారు. వాళ్లని నమ్ముకున్న వేలమంది వెంట వెళ్లారు. అంతమందికి జీతాలివ్వడానికి అక్కడ ఆదాయం ఎక్కడిది? కియోచికా కూడా తల్లిని తీసుకుని అక్కడికే చేరి, కొన్నేళ్లు ఎలాగో నెట్టుకొచ్చాడు.

ఈ రోజుల్లోనే అతను చేసిన ఒక పని గురించి చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. సకకిబారా కెంకిచి అని ఆ కాలంలో పేరున్న కత్తిసాము గురువు ఒకాయన ఉండేవాడు. కొలువులు పోయిన సమురాయ్‌లకి నాలుగు మెతుకులు దొరకాలని ఆయన టికెట్ పెట్టి కత్తిసాము ప్రదర్శనలు మొదలుపెట్టాడు. మంచి పొడగరి అయిన కియోచికా కొంతకాలం ఆ బృందంతో తిరిగాడు. నిన్నటిదాకా గౌరవానికి గుర్తుగా నడుముకి కట్టుకున్న విద్య, ఇవాళ జనం డబ్బులిచ్చి చూసే వినోదం. పాత స్కిల్‌ని ఎలాగోలా అమ్ముకోవాలన్న తాపత్రయం మనకి కొత్తేం కాదు. నేనూ బెంచ్ మీద ఉన్నప్పుడు రెజ్యూమెలో అదే మాన్యువల్ టెస్టింగ్‌ని నాలుగు రకాల పేర్లతో రాసుకున్నాను.

1870ల మొదట్లో తల్లితో టోక్యో తిరిగొచ్చాడు. వచ్చిన కొద్దికాలానికే ఆమె చనిపోయింది. 1876 మార్చిలో కొత్త ప్రభుత్వం జనం మధ్య కత్తి పట్టుకు తిరగడాన్నే నిషేధించింది. సమురాయ్ కుటుంబాలకి తరతరాలుగా వచ్చే భత్యాలనీ ఆ ఏడాదే రద్దు చేసి, బదులుగా బాండ్లు చేతిలో పెట్టింది. సమురాయ్ అనే మాటకి ఇంక ఉద్యోగంగా అర్థం లేదు.

సరిగ్గా అదే ఏడాది ఆగస్టులో కియోచికా మొదటి టోక్యో బొమ్మలు అంగట్లోకి వచ్చాయి. అప్పటికి అతని వయసు ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. కెరీర్ మొదలుపెట్టడానికి ఆలస్యమైపోయిందని మనం బెంగపడే వయసు.

కుప్పకూలుతూ కట్టుకుంటున్న ఊరు

అతను తిరిగొచ్చేసరికి పుట్టిన ఊరు గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. 1872లో షింబాషి నుంచి యొకొహామాకి జపాన్‌లోనే మొదటి రైలు మార్గం మొదలైంది. అదే ఏడాది గింజా ప్రాంతం కాలిపోతే, బ్రిటిష్ ఇంజినీరు థామస్ వాటర్స్ డిజైన్‌తో ఇటుక భవనాలు కట్టారు. 1874 చివర్లో గింజా వీధుల్లో గ్యాస్ దీపాలు వెలిగాయి. తంతి స్తంభాలు వచ్చాయి. గుర్రపు బండ్లు వచ్చాయి. మనిషి లాగే బండ్లూ వచ్చాయి. వాటిని జిన్‌రికిషా అనేవారు. మనిషి బలంతో నడిచే బండి అని అర్థం. మనం రోజూ వాడే రిక్షా అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఈ వింతల్ని గీసి అమ్మే చిత్రకారులు అప్పటికే చాలామంది ఉన్నారు. చెక్కముద్ర బొమ్మలు అక్కడ మామూలు జనం కొనుక్కునే చవకైన సరుకు. మన దగ్గర ఒకప్పుడు గోడలకి అంటించుకున్న క్యాలెండర్ బొమ్మల్లాంటివి అనుకోండి. విదేశాల నుంచి కొత్తగా దిగిన అనిలీన్ రంగులతో, ముఖ్యంగా కళ్లు జిగేలుమనే ఎరుపుతో, ఇటుక మేడల్నీ రైళ్లనీ పండగలా గీసేవాళ్లు. ప్రతి బొమ్మా ఒకటే చెప్పేది: చూడండి, ఎంత అభివృద్ధో!

కియోచికా అలా గీయలేదు. గీయలేడు కూడా. పాత ఊరితో పాటే తన బతుకూ కూలిపోయిన మనిషికి కొత్త ఊరు ఒట్టి పండగలా కనిపించదు. అలాగని ఏడుస్తూ పాత రోజుల్ని తలుచుకునే బొమ్మలూ వేయలేదు. రెండూ ఒకే ఫ్రేములో ఉన్న క్షణం కోసం వెతికాడు. అది ఎక్కువగా చీకటి పడే వేళల్లో, వానలో, మంచులో, తెల్లవారుజామున దొరికింది.

చెక్క మీద చీకటి ఎలా?

మనలాంటి టెక్ పిచ్చోళ్లకి అసలు ఆసక్తి ఇక్కడే. ఈ బొమ్మ ఒక్కరి పని కాదు, టీమ్ ప్రాజెక్టు. ప్రచురణకర్త పెట్టుబడి పెట్టి, ఏది అమ్ముడుపోతుందో చూసుకుంటాడు. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసిస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి చెర్రీ చెక్క మీద అంటించి, గీతలు మిగిలేలా చుట్టూ చెక్కేస్తాడు. అంటే అసలు డ్రాయింగ్ ఆ పనిలోనే నాశనమైపోతుంది. ఒక్కో రంగుకి ఒక్కో దిమ్మె. అచ్చేసేవాడు దిమ్మెకి రంగు పూసి, తడి కాగితం పరిచి, వెనకనుంచి చేత్తో రుద్దుతాడు. రంగులు ఒకదానిమీద ఒకటి పక్కకి జరక్కుండా పడాలి కాబట్టి ప్రతి దిమ్మె అంచునా కాగితాన్ని ఆనించడానికి గాట్లు పెడతారు. ఈ ప్రింట్ల మామూలు కొలత దాదాపు 25 సెంటీమీటర్లకి 38 సెంటీమీటర్లు.

ఈ పద్ధతికి ప్రాణం నల్లటి గీత. ముందు గీత, తర్వాత గీతల మధ్య రంగు. కానీ చీకట్లో గీతలుంటాయా? మీరే చూడండి, రాత్రి కరెంటు పోయినప్పుడు గదిలో వస్తువులకి అంచులు కనిపించవు. వెలుగు పడినచోట ముక్కలుగా కనిపిస్తాయి, మిగతాది నల్లటి ముద్ద. కియోచికా పట్టుకున్న సమస్య ఇదే. పశ్చిమ దేశాల తైలవర్ణ చిత్రాల్లో, రాగి రేకుల మీద చెక్కిన బొమ్మల్లో, కొత్తగా వచ్చిన ఫొటోల్లో వెలుగునీడలు ఎలా పనిచేస్తాయో గమనించాడు. యొకొహామాలో ఉన్న బ్రిటిష్ చిత్రకారుడు చార్లెస్ విర్గ్‌మన్ దగ్గర కొంత నేర్చుకున్నాడని, షిమొవోకా రెంజో ఫొటోల ప్రభావం ఉందని అతని గురించి రాసినవాళ్లు అంటారు. కవనబే క్యోసాయ్, షిబటా జెషిన్‌లాంటి పాత సంప్రదాయపు దిట్టలతోనూ సావాసం చేశాడు. ఎవరి దగ్గర ఎంత నేర్చుకున్నా, అదంతా తెచ్చి పెట్టింది మాత్రం పాత చెక్క దిమ్మెల మీదే.

చాలాచోట్ల నల్లగీత తగ్గించాడు. నీడల కోసం రాగి రేకుల బొమ్మల్లోలా సన్నటి అడ్డగీతలు వాడాడు. రంగుని ఒక అంచు నుంచి మరో అంచుకి కరిగిపోయేలా అచ్చేయించాడు. కొన్ని ప్రింట్లకి తైలవర్ణంలా మెరవాలని పైన వార్నిష్ కూడా పూశారు. వీటికి కొసెన్‌గా అని పేరొచ్చింది. వెలుగు కిరణాల చిత్రాలు అని అర్థం.

ఇక్కడ కాసేపు ఆగండి. అతను పాత పనిముట్టుని పారేసి కొత్తది కొనుక్కోలేదు. కెమెరా చూశాక కెమెరామెన్ అయిపోలేదు. కొత్త పరికరం చూపించిన చూపుని తీసుకుని, తరాలుగా పని తెలిసిన చేతులకి అప్పజెప్పాడు. చెక్కేవాళ్లకీ అచ్చేసేవాళ్లకీ అది ఎంత తలనొప్పి అయ్యుంటుందో ఊహించండి. క్లయింట్ ఎప్పుడూ అడగని ఫీచర్ అది.

ఐదేళ్లు, 93 బొమ్మలు

1876 నుంచి 1881 వరకు టోక్యో మీద 93 ప్రింట్లు వచ్చాయి. మొదట మత్సుకి హెయికిచి, తర్వాత ఫుకుదా కుమాజిరో వాటిని ప్రచురించారు. అందులో కొన్నిటిని మీతో కలిసి చూడాలని ఉంది. నెట్‌లో వెతికితే పెద్ద సైజులోనే దొరుకుతాయి.

మొదటిది, మంచులో బ్యాంకు. కైయున్‌బాషి వంతెన దగ్గర జపాన్ మొదటి జాతీయ బ్యాంకు భవనం. కింద పాశ్చాత్య పద్ధతి, పైన జపాన్ కోటల్లో ఉండే బురుజు. ఆ భవనమే సగం అదీ సగం ఇదీ. దాన్ని కట్టింది షిమిజు కిసుకే అనే స్థానిక నిర్మాణ మేస్త్రి. బొమ్మలో ముందు గొడుగు పట్టుకున్న ఒక స్త్రీ, మనకి వీపు చూపిస్తూ. ముఖం లేదు. ఆమె ఆ భవనాన్ని మెచ్చుకుంటోందా, దారి వెతుక్కుంటోందా అన్నది మనకి వదిలేశాడు.

రెండోది, నేను బెంచ్ మీద ఉన్నప్పుడు చూసిన రైలు. తకనావా దగ్గర రైలు పట్టాల కోసం సముద్రంలోనే గట్టు కట్టారు. ఆ గట్టు మీద రైలు. తమాషా ఏంటంటే, ఆ లైన్‌లో నడిచినవి బ్రిటన్ ఇంజిన్లు. బొమ్మలో ఉన్నదేమో అమెరికా రకం ఇంజిన్‌లా ఉంటుంది. ఏదో విదేశీ ప్రింట్ చూసి గీసుంటాడని చిత్రకళ తెలిసినవాళ్ల అంచనా. రెఫరెన్స్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నా, ఆ రాత్రి, ఆ నీళ్లలో వెలుగు మాత్రం అతనివే. ఆ గట్టు తర్వాత భూమిలో కలిసిపోయింది. దాని అవశేషాలు 2019లో తకనావా గేట్‌వే స్టేషన్ దగ్గర తవ్వకాల్లో బయటపడ్డాయి.

మూడోది, నిహోన్‌బాషి రాత్రి. శతాబ్దాలుగా ఎదోకి గుండెకాయలాంటి వంతెన. దాని మీద గ్యాస్ దీపాలు, గుర్రపు బండి, రిక్షాలు. మనుషులంతా నీడబొమ్మలే. సుమిదా నది రాత్రి బొమ్మలోనూ అంతే. ఒక స్త్రీ, పక్కన బౌలర్ టోపీ పెట్టుకున్న మగమనిషి, అవతలి ఒడ్డున దీపాలు. వేషాలు మారిన మనుషులు, మారని నది.

ఈ బొమ్మల్లో ఎవరూ కొత్తదనాన్ని చూసి గంతులేయరు. నిలబడి చూస్తారు. చేతిలో కత్తి లేని ఒక మాజీ సమురాయ్ తన ఊరిని ఎలా చూసుంటాడో అలా. అందుకే 150 ఏళ్లకి కూడా అవి పాతబడలేదు. అభివృద్ధిని పొగిడిన ఎర్రరంగు బొమ్మలు ఆనాటి ప్రకటనల్లా మిగిలిపోయాయి.

ఇల్లు కాలుతుంటే

1881 జనవరి 26 రాత్రి కాందా ప్రాంతంలో నిప్పంటుకుంది. చెక్క ఇళ్ల నగరం. గాలికి మంటలు నది వైపు పాకి, పది వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. కియోచికా స్కెచ్ పుస్తకం పట్టుకుని పరుగెత్తాడు. మంటల వెలుగు నీళ్ల మీద, పొగ మీద, పరుగెడుతున్న జనం మీద ఎలా పడుతోందో గీస్తూ ఉండిపోయాడు. అతను అక్కడ గీస్తున్నప్పుడే అతని సొంత ఇల్లూ కాలిపోయింది.

ఆ స్కెచ్‌ల నుంచి అగ్నిప్రమాదం బొమ్మలు వచ్చాయి. మంటలు, కాలిపోయాక మిగిలిన శిథిలాలు. అద్భుతంగా ఉంటాయి. కానీ నాకు వాటి మీద ఒక ఇబ్బంది ఉంది, దాచను. పని పట్ల అంకితభావం అంటే ఇదే అని చెప్పి ఈ కథని స్ఫూర్తి ప్రసంగాల్లో వాడుకోవచ్చు. నేను వాడను. ఇల్లు తగలబడుతున్నా ల్యాప్‌టాప్ వదలని ఉద్యోగి మనకి ఆదర్శం కానక్కర్లేదు. అతనికి దక్కింది మంచి బొమ్మలు, పోయింది ఇల్లు. రెండూ నిజమే.

ఆ ఏడాదితో టోక్యో బొమ్మల వరస ఆగిపోయింది. ఇల్లు పోవడం ఒక్కటే కాదు, ఇలాంటి ప్రింట్లకి గిరాకీ కూడా తగ్గుతూ వచ్చింది. అతని వయసు ముప్ఫై నాలుగు. ఇవాళ ప్రపంచం అతన్ని గుర్తుపెట్టుకున్న పనిలో ఎక్కువ భాగం అప్పటికే అయిపోయింది. ఆ సంగతి అతనికి తెలిసే వీల్లేదు.

రెండోసారి మొదటినుంచి

అప్పుడేం చేశాడు? కార్టూనిస్టు అయ్యాడు. 1881 చివర్లో దందన్‌షా అనే ప్రచురణ సంస్థలో కుదిరాడు. వాళ్లది మరుమరు చింబున్ అనే వ్యంగ్య పత్రిక. మరు అంటే సున్నా. అప్పట్లో ప్రభుత్వం పత్రికల మీద కఠినమైన చట్టాలు తెచ్చింది. రాయకూడని మాటల స్థానంలో సున్నాలు పెట్టేవాళ్లు. ఆ సున్నాలనే పేరుగా పెట్టుకున్న పత్రిక అది. 1882 ఆగస్టు నుంచి సంచిక సంచికకీ కియోచికా కార్టూన్లు వచ్చాయి. మంత్రుల్ని, అధికారుల్ని, పాశ్చాత్య వేషాల మోజునీ వెక్కిరించాడు.

ఆలోచించండి. నిశ్శబ్దంగా, చీకటిగా బొమ్మలు వేసే మనిషి నవ్వించే బొమ్మలకి మారాడు. గీసే చేయి ఒకటే, మార్కెట్ వేరు. నెలనెలా పని దొరికింది. ఇంటర్వ్యూల్లో మనల్ని అడిగే అడాప్టబిలిటీ అన్న మాటకి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

కానీ కథ ఇక్కడితో ముగిస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. 1894-95లో జపాన్‌కీ చైనాకీ యుద్ధం జరిగింది. చెక్కముద్ర బొమ్మలకి ఒక్కసారిగా మళ్లీ గిరాకీ పెరిగింది. జనం యుద్ధ దృశ్యాల కోసం దుకాణాల ముందు మూగారు. కియోచికా 70కి పైగా యుద్ధ బొమ్మలు వేశాడు. రాత్రి, మంచు, సెర్చ్‌లైట్లు, పేలుళ్లు. తన పాత వెలుగునీడల విద్యనంతా అందులో పెట్టాడు. చేతిపనిగా చూస్తే కొన్ని కళ్లు తిప్పుకోనివ్వవు. దాంతోపాటే చైనా సైనికుల్ని పిరికివాళ్లుగా, నవ్వులాటగా చూపించే కార్టూన్ల వరసా గీశాడు. అధికారాన్ని వెక్కిరించిన చేయే ఇప్పుడు ఓడిపోతున్నవాళ్లని వెక్కిరించింది. ఒకప్పుడు ఓడిపోయిన పక్షంలో నిలబడ్డ మనిషి అతను.

ఇదెందుకు చెప్తున్నానంటే, గిరాకీ ఉన్న పనీ, చేయదగ్గ పనీ ఎప్పుడూ ఒకటి కాదు. మంచి ప్యాకేజీ వచ్చినప్పుడు ఈ ప్రశ్న వేసుకోవడం కష్టం. కియోచికా వేసుకున్నట్టు అతని బొమ్మల్లో నాకైతే కనిపించలేదు.

ఆఖరి మలుపు

1904-05లో రష్యాతో యుద్ధం వచ్చింది. మళ్లీ గిరాకీ వస్తుందని ప్రచురణకర్తలు ఆశపడ్డారు. ఈసారి రాలేదు. ఆ పదేళ్లలో ఫొటోల్ని నేరుగా పత్రికల్లో అచ్చేసే పద్ధతి స్థిరపడింది. పోస్టుకార్డుల మీద ఫొటోలొచ్చాయి. యుద్ధాన్ని ఫొటోలో చూడగలిగినప్పుడు చెక్కముద్ర బొమ్మ ఎవరు కొంటారు? ఒకప్పుడు అతని కళ్లకి కొత్త చూపునిచ్చిన కెమెరాయే చివరికి అతని బజారుని మూసేసింది.

అప్పటికి అతను యాభైల్లో ఉన్నాడు. చేత్తో గీసిన చిత్రాలతో, బొమ్మలు నేర్పుతూ గడిపాడు. 1912లో భార్య పోయింది. కీళ్లవాతం వేధించింది. 1915లో కొన్ని నెలలు నగానోలోని వేడినీటి బుగ్గల దగ్గర ఉండి వచ్చాడు. అదే ఏడాది నవంబరు 28న టోక్యోలోని ఇంట్లో చనిపోయాడు.

విచిత్రం ఏంటంటే, అతను పోయే ముందు ఏళ్లలోనే కొత్త తరం ఆ పాత ప్రింట్లని తిరగేయడం మొదలుపెట్టింది. కవి కినోషితా మొకుతారో, రచయిత నగాయ్ కఫు వాటిని ప్రేమించారు. మారిపోతున్న టోక్యోలో పోయిన వీధుల్ని ఆ బొమ్మల్లో వెతుక్కున్నారు. 1923 సెప్టెంబరు 1న మహా భూకంపం వచ్చి, దాని వెంట మంటలు లేచి నగరంలో పెద్ద భాగం నాశనమైంది. ఇటుకల గింజా కూడా పోయింది. అప్పుడు ఆ 93 ప్రింట్లు అలంకారం స్థాయి దాటి సాక్ష్యాలయ్యాయి. అతని ఇంట్లోనే ఏళ్ల తరబడి ఉండి నేర్చుకున్న సుచియా కొయిత్సు తర్వాతి కాలపు కొత్త చెక్కముద్ర ఉద్యమంలో వెలుగు చిత్రాలకి పేరు తెచ్చుకున్నాడు. 2014లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ కియోచికా రాత్రి బొమ్మలతో ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టింది.

మరి మనకేంటి?

కష్టపడితే చివరికి గెలుస్తారు అని చెప్పి ముగించడం తేలిక. కియోచికా జీవితం అలా చెప్పనివ్వదు. అతని పని మూడుసార్లు అతని కాళ్లకిందే మాయమైంది. మొదట సమురాయ్ కొలువు, తర్వాత టోక్యో ప్రింట్లు, చివరికి చెక్కముద్ర వ్యాపారమే. రెండుసార్లు లేచాడు. మూడోసారికి వయసు, కాలం రెండూ సహకరించలేదు. అది అతని తప్పు కాదు. మీకు ఉద్యోగం రావడం ఆలస్యమైతే అదీ ప్రతిసారీ మీ తప్పే కాదు. ఈ మాట ఇంట్లోవాళ్లు చెప్పకపోవచ్చు, కోచింగ్ సెంటర్లు అసలు చెప్పవు.

అయితే అతని చేతిలో ఉన్నది ఒకటి ఉంది. మార్పు జరుగుతున్నప్పుడు దాని మధ్య నిలబడి, కంగారు పడకుండా చూడటం. కొత్తదాన్ని చూసి చప్పట్లూ కొట్టలేదు, శాపనార్థాలూ పెట్టలేదు. గ్యాస్ దీపం కింద మనిషి నీడ ఎలా పడుతుందో చూశాడు. పాత చేతిపనికి అది ఎలా కుదురుతుందో కుస్తీ పట్టాడు. పనిముట్లు మారతాయి, మారుతూనే ఉంటాయి. మీరు దేన్ని గమనించారు, ఏ సమస్యని పట్టుకున్నారు అన్నది మాత్రం మీతోనే వస్తుంది.

నా బెంచ్ రోజులు అయిపోయాక నేను ఆటోమేషన్ నేర్చుకున్నాను. కానీ ఉద్యోగం ఇప్పించింది అది కాదనిపిస్తుంది. ఒక యాప్‌ని మామూలు మనిషి ఎక్కడ పొరపాటుగా నొక్కుతాడో రెండేళ్లు మాన్యువల్‌గా చూసి చూసి తెలిసిన సంగతుల్ని ఒక చోట రాసుకుని బ్లాగులో పెట్టాను. ఇంటర్వ్యూలో అడిగింది దాని గురించే. పోయిందనుకున్న పనే మరో వెలుగులో పనికొచ్చింది.

మీరూ ఒకటి చేసి చూడండి. మీరు చదివిన బ్రాంచ్‌లో, మీ ఊళ్లో, మీ ఇంట్లోవాళ్లు చేసే పనిలో పాతదీ కొత్తదీ ఎదురెదురు పడే చోటు ఒకటి వెతకండి. ఐదు వారాలు, వారానికి ఒకసారి దాన్ని జాగ్రత్తగా చూసి మీకు వచ్చిన పద్ధతిలో రికార్డు చేయండి. కోడ్, ఫొటో, డేటా, రాత, ఏదైనా సరే. ఎవరైనా అడిగారా అని ఆలోచించకండి. రైలు కిటికీ వెలుగు నీళ్లలో ఎలా పడుతుందో గీయమని కియోచికానీ ఎవరూ అడగలేదు.